చీమల గూళ్ళలో పెరిగే కందిరీగలను వెదకడం, పెంచడం, వాటి వంశాన్ని గుర్తించడం

చీమల గూటిలోకి మరో పురుగు చొరబడి బ్రతకడం సులభం కాదు. తమ గూటి వాసన లేని ప్రాణిని చీమలు మీసాలతో తడిమి గుర్తుపట్టి, కరిచి చంపుతాయి లేదా బయటకు ఈడ్చివేస్తాయి. అటువంటి గూటిలోనే చీమ పిల్లలను తిని పెరిగి, చీమల చేతనే శుభ్రం చేయించుకొని, రెక్కలు విప్పుకోగానే వెళ్ళిపోయే కందిరీగల కుటుంబం ఒకటి ఉంది. దాని పేరు యూకారిటిడే. ప్రపంచవ్యాప్తంగా వీటి జాతులు సుమారు 700 ఉంటాయని, ప్రజాతులు 53 అని 2013లో ఎలిజబెత్ మర్రే, ఆండ్రూ కార్మైకేల్, జాన్ హెరాటీ ప్రచురించిన పరిశోధన లెక్క చెప్పింది. చీమలపై తప్ప మరి దేనిపైనా పరాన్నజీవనం చేయని కీటక కుటుంబంగా తెలిసినది ఇదొక్కటేనని కూడా ఆ పరిశోధకులు పేర్కొన్నారు.

జంతుశాస్త్ర విద్యార్థులు, ప్రకృతి పరిశీలకులు, పురుగులపై ఆసక్తి గల రైతులు ఈ కందిరీగలను ఎలా వెదకాలో, ఎలా పెంచి గమనించాలో, వంశవృక్షంలో వాటి స్థానాన్ని ఎలా నిర్ణయించాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది ఆతిథేయి (పరాన్నజీవి ఆశ్రయించి పెరిగే జీవి) వివరం. వలలో పడిన కందిరీగను చూసి దాని రూపాన్ని వర్ణించవచ్చు గాని, అది ఏ చీమ గూటిలో పెరిగిందో, దాని తల్లి ఏ మొక్కపై గుడ్లు పెట్టిందో ఆ ఒక్క నమూనా చెప్పదు. చాలా జాతులకు ఈ రెండు వివరాలూ నేటికీ నమోదు కాలేదు. ఓపికతో గమనించే ఒక విద్యార్థి తన ఊరి తోటలో ఈ లోటును కొంత పూరించగలడని నేను దృఢంగా నమ్ముతున్నాను.

ముందుగా తెలుసుకోవలసిన జీవితచక్రం

తల్లి కందిరీగ చీమల గూటికి వెళ్ళదు. గూటికి దూరంగా, మొక్కల మొగ్గలలోనో, లేత ఆకులలోనో, పూలగుత్తులలోనో గుడ్లు పెడుతుంది. కొన్ని జాతుల ఆడ కందిరీగలు వేల సంఖ్యలో గుడ్లు పెట్టగలవు. పిల్ల తన దారి తాను వెదుక్కోవలసి ఉన్నందున అత్యధిక భాగం మధ్యలోనే నశిస్తాయి. అందుకే ఇన్ని గుడ్లు అవసరమవుతాయి.

గుడ్డు నుండి వెలువడే మొదటి దశ డింభకాన్ని (పిల్ల పురుగును) ప్లానిడియం అంటారు. అది ఉప్పు రేణువు కంటే చిన్నది, పొడవు మిల్లీమీటరులో దాదాపు పదో వంతు. సాధారణంగా కందిరీగల డింభకాలు మెత్తగా, తెల్లగా, కదలలేని స్థితిలో ఉంటాయి; ఇది అలా కాక, ఒంటినిండా గట్టి పలకలతో, చురుకుగా కదిలేదిగా ఉంటుంది. ఆహారం కోసం తిరిగే చీమను అంటిపెట్టుకొనో, చీమలు వేటగా ఎత్తుకుపోయే తామర పురుగు వంటి మరో కీటకాన్ని పట్టుకొనో ఇది గూటిలోకి చేరుతుంది. అక్కడ చీమ డింభకాన్ని వెదికి పట్టుకుంటుంది. ఒరాసెమినే ఉపకుటుంబంలోని ఒరాసెమా వంటి ప్రజాతులలో డింభకం చర్మం కిందికి కొంత చొచ్చుకుపోతుంది. యూకారిటినే ఉపకుటుంబంలో పైననే అతుక్కొని ఉంటుంది. తరువాత చాలాకాలం అది పెద్దగా ఎదగదు. చీమ డింభకం బాగా తిని పెరిగి ప్యూపాగా (డింభకానికీ ఎదిగిన పురుగుకూ మధ్య ఉండే కదలని దశగా) మారేవరకు వేచి ఉండి, అప్పుడు మిగిలిన రెండు డింభక దశలనూ త్వరగా ముగించి, ఆ ప్యూపాను పీల్చివేస్తుంది. ఆ వేచి ఉండే కాలంలో చీమలు తమ పిల్లకు పెట్టే ప్రతి ముద్దా పరోక్షంగా కందిరీగకే చేరుతుంది.

ఈ చక్రాన్ని తొలినాళ్ళలో వెలుగులోకి తెచ్చిన పరిశీలనలలో రెండింటిని చెప్పాలి. 1907లో విలియం మార్టన్ వీలర్ టెక్సాస్ ప్రాంతపు ఫైడోలే చీమల గూళ్ళలో వికృతంగా ముడుచుకుపోయిన ప్యూపాలను చూసి, అవి ఒరాసెమా కందిరీగ బారిన పడినవని వర్ణించారు. 1923లో కర్టిస్ క్లాసెన్ జపాన్‌లో కాంపొనోటస్ చీమలపై బ్రతికే షిజాస్పిడియా జీవితచక్రాన్ని వివరించారు. వీరిద్దరూ సాధించినది ప్రధానంగా గూటిని, మొక్కను ఓపికతో పదేపదే చూడడం వల్లనే సాధ్యమైంది. నేటికీ ఆ పని అదే విధంగా చేయవలసి ఉంది.

మొక్కలపై వెదకడం

కొత్తగా ఈ పనికి పూనుకొన్నవారు నేరుగా చీమల పుట్టను తవ్వడానికి సిద్ధపడతారు. మొక్కలతో మొదలుపెట్టడం మేలు. ఎదిగిన కందిరీగలు కొద్ది రోజులే బ్రతుకుతాయి, చాలావరకు ఆహారం తీసుకోవు. ఆ కొద్ది కాలంలో ఆడవి జతకట్టి, తమకు తగిన మొగ్గను చేరుకొని గుడ్లు పెట్టడంలోనే గడుపుతాయి. కాబట్టి మొగ్గలు, చిగుళ్ళు విరివిగా ఉన్న కాలంలో, ఎండ చురుక్కుమనేలోగా, చీమలు ఎక్కి దిగే మొక్కల వద్ద నిలబడి చూడాలి.

ఏ మొక్కలను ముందుగా ఎంచుకోవాలన్న ప్రశ్నకు ఒక ఉపాయం ఉంది. పూలలో కాక ఆకులమీద, తొడిమలమీద తీపి రసం ఊరే గ్రంథులు గల మొక్కల వద్దకు చీమలు నిత్యం వస్తాయి. ఒరాసెమా జాతులు కొన్ని ఈ గ్రంథుల సమీపంలో గుడ్లు పెడతాయని తెలుసు. తెలుగు నేలపై ఆముదం, పత్తి, బొబ్బర, తుమ్మ అటువంటి గ్రంథులున్న మొక్కలు. పురుగుమందు చల్లని గట్లమీది ఆముదపు మొక్కలు పరిశీలనకు చాలా అనుకూలంగా ఉంటాయి.

ఈ కందిరీగలను గుర్తుపట్టడానికి కావలసినది పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం. సాధారణంగా కొన్ని మిల్లీమీటర్ల పొడవే ఉంటాయి. చాలా జాతులు ఆకుపచ్చ, నీలి లోహపు మెరుపుతో ఉంటాయి. పక్కనుండి చూస్తే వక్షం గూనిలా ఎత్తుగా లేచి, తల కిందికి వంగినట్లు కనిపిస్తుంది. ఉదరానికి, వక్షానికి మధ్య సన్నని పొడవైన కాడ ఉంటుంది. దవడలు కొడవలి ఆకారంలో ఉంటాయి. పైనుండి చూసినప్పుడు తలకు వెనుక ఉండవలసిన మెడపట్టీ దాదాపు కనిపించదు. కొన్ని ప్రజాతులలో వీపు నుండి వెనుకకు రెండు పొడవైన ముళ్ళు చాచుకొని ఉంటాయి. అమెరికా ఖండాల కపాలా ప్రజాతిలో ఇవి ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. కొన్నిటి మగ కందిరీగల మీసాలు కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటాయి.

ఆడ కందిరీగ మొగ్గపై వంగి, ఉదరపు కొనను లోపలికి గుచ్చుతూ ఒకేచోట చాలాసేపు కదలకుండా ఉంటే దానిని వెంటనే పట్టుకోకూడదు. ముందు ఫోటో తీయాలి, గుడ్లు పెట్టడం ముగిసేవరకు ఆగాలి, తరువాత గాజు సీసాతో కప్పి పట్టుకోవాలి. ఆ మొగ్గకు రంగు దారం కట్టి, పక్కనున్న మరో మొగ్గను తెంచి తీసుకెళ్ళి సూక్ష్మదర్శిని కింద విప్పి చూడాలి. చిన్న కాడతో ఉన్న గుడ్లు గుంపుగా కనిపిస్తే అది యూకారిటినే గుడ్ల లక్షణం. ఒరాసెమినే ఉపకుటుంబం వారి గుడ్లు ఆకు కణజాలంలో ఒక్కొక్క గంటులో ఒక్కొక్కటిగా ఉంటాయి. గంటు పడిన చోట ఆకు నల్లబడుతుంది. ఈ గంట్ల వల్ల పంటకు నష్టం కలిగిన సందర్భాలూ ఉన్నాయి. తేయాకుకు హాని చేసే రెండు యూకారిటిడే జాతులను 1963లో కెర్రిచ్ వర్ణించారు. ఆకుమీద వరుసగా నల్లని చుక్కలు కనిపించినంత మాత్రాన అది తెగులని నిర్ణయించక, లేత ఆకును వెలుగుకు ఎత్తి భూతద్దంతో చూడాలి.

దారం కట్టిన మొగ్గను ప్రతి ఉదయం చూడాలి. గుడ్లు పొదిగిన తరువాత ప్లానిడియాలు మొగ్గ అంచున నిటారుగా నిలబడి ఎదురుచూస్తాయి. సన్నని కుంచె వెంట్రుకను వాటి దగ్గరగా కదిలిస్తే కొన్ని దానిని పట్టుకుంటాయి. ఈ చిన్న ప్రయోగం చేసిన తరువాత అవి చీమను ఎలా పట్టుకుంటాయో వేరే చెప్పనవసరం ఉండదు. పట్టుకున్నవాటిని గాజు పలకపై దించి, పలకల అమరికను చిత్రించుకోవాలి. ప్రజాతి నిర్ణయానికి ఆ అమరిక తరువాత ఉపయోగపడుతుంది.

పసుపు పళ్ళాలలో సబ్బు నీళ్ళు పోసి నేలమీద ఉంచడం, గడ్డిపై వల ఊపడం కూడా వాడుకలో ఉన్న పద్ధతులే. ఒక ప్రదేశంలో ఈ కందిరీగలు ఉన్నాయో లేవో త్వరగా తెలుసుకోవడానికి అవి చాలు.

గూటిలో వెదకడం

మన ప్రాంతంలో పరిశీలించదగిన చీమలు చాలా ఉన్నాయి. చెట్ల మొదళ్ళలో గూడుకట్టే నల్ల గండుచీమలు కాంపొనోటస్ ప్రజాతికి చెందినవి. రాళ్ళ కింద, గట్లలో ఉండే డయకమ్మా, టప్పున దవడలు మూసే ఓడొంటోమాకస్, పెద్ద తలల సైనికులున్న ఫైడోలే కూడా యూకారిటిడే కందిరీగలకు ఆతిథ్యమిచ్చే ప్రజాతులే. గండుచీమ, డయకమ్మా, ఓడొంటోమాకస్ ప్యూపాలు పట్టుగూడులో ఉంటాయి. జనం చీమగుడ్లని పిలిచే పెద్ద తెల్లని గింజలు నిజానికి ఈ పట్టుగూళ్ళే. ఫైడోలే ప్యూపాలకు పట్టుగూడు ఉండదు, కాబట్టి పరాన్నజీవి పట్టినది కంటికి నేరుగా కనిపిస్తుంది.

గూటిని పూర్తిగా తవ్వి నాశనం చేయకూడదు. రాయి ఎత్తితే కనిపించే పైగదుల నుండి కొన్ని పట్టుగూళ్ళను, వాటితోపాటు ఇరవై ముప్పై కూలి చీమలను తీసుకొని, రాయిని మళ్ళీ యథాస్థానంలో పెట్టాలి. రాణిని తీయకూడదు. కుట్టే చీమల వద్ద చేతి తొడుగులు తప్పనిసరి. పురుగుకాటుకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చే స్వభావమున్నవారు ఈ భాగాన్ని ఇతరులకు అప్పగించాలి. అభయారణ్యాలలో, జాతీయ ఉద్యానాలలో అటవీ శాఖ లిఖిత అనుమతి లేకుండా ఏ నమూనా తీయకూడదు.

ఇంటికి తెచ్చిన పట్టుగూళ్ళను ఒక్కొక్కటిగా బలమైన వెలుగుకు ఎదురుగా పట్టి చూడాలి. లోపల చీమ ప్యూపా ఉంటే కాళ్ళు, మీసాలు ఒంటికి ముడుచుకొని, తలా పొట్టా స్పష్టంగా వేరుగా తోస్తాయి. కందిరీగ ప్యూపా అయితే గూనివక్షం, కిందికి వంగిన చిన్న తల నీడగా తెలుస్తాయి, రంగు పక్వానికి వచ్చేకొద్దీ నల్లగా కనిపిస్తుంది. పట్టుగూడు ఒక చివర ఉండే నల్ల చుక్క చీమ డింభకం విసర్జించిన మలం. దానిని పరాన్నజీవి గుర్తుగా పొరబడకూడదు. సాధారణంగా ఒక ప్యూపాకు ఒక కందిరీగ ఉంటుంది, అయితే రాణి కాబోయే పెద్ద ప్యూపాలలో ఒకటికంటే ఎక్కువ కూడా పెరగవచ్చు.

పెంచి గమనించడం

ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌ను అంగుళం మందాన పోసి, దానిలో రెండు గుంటలు చెక్కి, పైన గాజు పలక మూస్తే చిన్న గమనిక గూడు సిద్ధమవుతుంది. ప్లాస్టర్‌కు ఒక వైపు నీటి చుక్కలు వేస్తూ తేమ నిలపాలి, గాజుపై ఎర్రని కాగితం కప్పాలి. చీమలకు పంచదార నీళ్ళు దూదిలో, అప్పుడప్పుడు చంపిన ఈగలను ఇవ్వాలి. బూజు పట్టిన ఆహారాన్ని అదేరోజు తీసివేయాలి.

ఇక్కడ పాటించవలసిన ఒక నియమం ఉంది: పట్టుగూళ్ళను, అవి వచ్చిన గూటి చీమలనే కలిపి ఉంచాలి. ఎర్ర నిప్పుచీమల గూళ్ళలోని ఒరాసెమాపై వాండర్ మీర్, జూవెనాజ్, వాయ్‌చిక్ 1989లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ కందిరీగల చర్మంపై ఉండే హైడ్రోకార్బన్లు (గూటి వాసననిచ్చే మైనం వంటి పదార్థాలు) ఆతిథేయ చీమల హైడ్రోకార్బన్లతో సరిపోలుతాయి. గూటిలో ఉన్నంతకాలం చీమల స్పర్శ ద్వారానే ఆ వాసన వాటికి అబ్బుతుంది. వేరే గూటి చీమల మధ్య వదిలితే ఈ రక్షణ ఉండదు. అలా వదిలి చూసిన ఫలితాన్ని సహజ ప్రవర్తనగా రాసుకోవడం శాస్త్రానికి అన్యాయం చేయడమే అవుతుంది.

కందిరీగ వెలువడిన వేళ ముఖ్యమైనది. కూలి చీమలు దానిని నాకి శుభ్రం చేస్తున్నాయా, దవడలతో ఎత్తుకొని తిప్పుతున్నాయా, గూటి ద్వారం వరకు మోసి బయట వదులుతున్నాయా, లేక కాళ్ళు పట్టి లాగి కరుస్తున్నాయా అనే విషయాలను గడియారం చూస్తూ నమోదు చేయాలి. కొన్ని జాతులలో చీమలు అత్యంత మృదువుగా వ్యవహరిస్తాయి, మరికొన్నింటిలో వాసన పూర్తిగా సరిపోలనప్పుడు కొంత దాడి కనిపిస్తుంది. మెక్సికోలో గాబ్రియేలా పెరెజ్-లాషో, జాన్-పాల్ లాషో ఎక్టాటొమా చీమలపై చేసిన పరిశోధనలు ఈ విధమైన గమనికకు మంచి మాదిరి; ఒకే చీమ జాతి గూళ్ళలో కపాలా, డైలొకాంతా, ఐసొమెరాలా ప్రజాతుల కందిరీగలు పెరుగుతాయని వారి పరిశీలనలు చూపాయి.

చీమలను తేలేకపోయినవారు పట్టుగూళ్ళను విడివిడిగా చిన్న సీసాలలో, తడి దూదిపై నేరుగా ఆనకుండా ఉంచి కందిరీగలను రాబట్టవచ్చు. ఆతిథేయి రుజువు దొరుకుతుంది గాని ప్రవర్తన తెలియదు.

వంశవృక్షంలో స్థానం నిర్ణయించడం

దొరికిన కందిరీగ నిజంగా ఈ కుటుంబానిదేనా అన్నది మొదటి ప్రశ్న. చీమలపై పరాన్నజీవనం కందిరీగలలో ఒకే ఒక్కసారి పుట్టిన అలవాటు కాదు. బ్రాకోనిడే కుటుంబంలోని ఎలాస్మోసోమా, నియోన్యూరస్ ఎదిగిన చీమల శరీరంలోనే గుడ్లు పెడతాయి. ఇక్‌న్యూమోనిడే కుటుంబపు హైబ్రిజాన్, చీమలు బయట మోసుకుపోయే డింభకాలపై దాడి చేస్తుంది. మామిడి చెట్లపై ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలకు కాల్సిడిడే కుటుంబంలోని స్మిక్రోమార్ఫా శత్రువు. ఈ ప్రజాతిలో ఒక జాతిని కాలికట్ విశ్వవిద్యాలయపు టి.సి. నరేంద్రన్ స్మిక్రోమార్ఫా కేరళెన్సిస్ అని నామకరణం చేశారు. ఇవన్నీ వేర్వేరు శాఖల నుండి చీమలవైపు వచ్చినవి. చీమలు కాపలా కాసే పేనుబంకపై తిరిగే సన్నని కందిరీగలు పేనుబంకకు శత్రువులే తప్ప చీమలకు కావు; అవి చీమల మధ్య కనిపించాయని ఆతిథేయిగా చీమ పేరు రాయకూడదు.

యూకారిటిడే అని తేలిన తరువాత ఉపకుటుంబం చూడాలి. గొల్లుమియెల్లినే ఉపకుటుంబం ఫార్మిసినే చీమలపై, ఒరాసెమినే మిర్మిసినే చీమలపై ఆధారపడతాయి. యూకారిటినే ఉపకుటుంబం విస్తృతమైనది: ఫార్మిసినే, పొనెరినే, ఎక్టాటొమినే, మిర్మీసియినే చీమలు దానికి ఆతిథేయులు. ఫైడోలే గూటి నుండి వచ్చిన కందిరీగ ఒరాసెమినే అయి ఉండాలని, గండుచీమ గూటి నుండి వచ్చినది యూకారిటినే అయ్యే అవకాశం ఎక్కువని ముందుగానే ఊహించవచ్చు. రూపం ఒకటి చెప్పి ఆతిథేయి మరొకటి చెప్పినట్లయితే నమూనాల చీటీలు తారుమారయ్యాయేమో ముందు సరిచూడాలి. చీటీలు సరిగానే ఉంటే ఆ నమూనా చాలా విలువైనది.

ఈ ఊహకు ఆధారం పైన చెప్పిన 2013 పరిశోధనే. 53 ప్రజాతులలో 44 ప్రజాతుల డిఎన్‌ఏను పోల్చి, శిలాజాలతో కాలాన్ని సరిచూసి, ఈ కుటుంబం చీమల కంటే సుమారు 5 కోట్ల సంవత్సరాలు ఆలస్యంగా పుట్టిందని వారు అంచనా వేశారు. అంటే చీమల ప్రధాన శాఖలు అప్పటికే స్థిరపడి విస్తరిస్తున్నాయి. ఆరంభంలో కందిరీగలు ఒక చీమ ఉపకుటుంబం నుండి మరొక దానికి కొన్నిసార్లు మారాయి. ఆ తరువాత ప్రతి శాఖ తన ఆతిథేయిని అంటిపెట్టుకొని ఉండిపోయింది. పాత ప్రపంచం (ఆసియా, ఆఫ్రికా మొదలైన ఖండాలు) నుండి అమెరికా ఖండాలకు పలుమార్లు వలసపోయి, అక్కడ కొత్త చీమలు ఎన్నో అందుబాటులో ఉన్నా, తమ పాత ప్రపంచపు బంధువులు ఎంచుకున్న ఉపకుటుంబపు చీమలనే ఎంచుకున్నాయి. కుటుంబపు ప్రాచీనతకు బాల్టిక్ తృణకాంతంలో (ఆంబర్ అనే శిలగా మారిన చెట్టు జిగురులో) దొరికిన పాలియోకారిస్ రెక్స్ అనే శిలాజం కూడా సాక్ష్యం. దీనిని 2009లో హెరాటీ, డార్లింగ్ వర్ణించారు.

ఇంకొక బంధుత్వాన్ని కూడా గమనించాలి. ఈ కుటుంబానికి దగ్గరి బంధువైన పెరిలాంపిడేలో కూడా తొలి దశ డింభకం ప్లానిడియమే, తల్లి కూడా ఆతిథేయికి దూరంగానే గుడ్లు పెడుతుంది. అయితే అవి చీమలను కాక ఇతర కీటకాలను ఆశ్రయిస్తాయి; కొన్ని గొంగళిపురుగులలో ఉన్న మరో పరాన్నజీవిపైనే బ్రతుకుతాయి. కాబట్టి మొక్కపై గుడ్డు పెట్టడం, పిల్ల తానే ప్రయాణం చేయడం చీమలతో సంబంధం ఏర్పడక ముందునుండే ఈ వంశంలో ఉన్న లక్షణాలని చెప్పవచ్చు. చీమల గూటిలోకి చేరే మార్గాన్ని ఈ కందిరీగలు కొత్తగా సృష్టించుకోలేదు. ఉన్న అలవాటును చీమలవైపు మళ్ళించుకున్నాయి. గూటి కన్నా ముందు మొక్కను చూడమని చెప్పడానికి కారణం ఇదే.

నమూనాలు, చీటీలు

డిఎన్‌ఏ పరీక్షకు ఉద్దేశించిన కందిరీగలను 95 శాతం ఇథనాల్‌లో, చల్లని చోట ఉంచాలి. అదే గూటి కూలి చీమలు మూడు నాలుగింటిని, ఖాళీ అయిన పట్టుగూడును అదే సంఖ్య గల వేరొక సీసాలో భద్రపరచాలి. చీమ లేని కందిరీగ సీసా అసంపూర్ణమైన సీసా. చీటీని పెన్సిలుతో రాయాలి, సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది. ఊరు, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, గూడు ఉన్న చోటు, చీమ ప్రజాతి, తీసిన పట్టుగూళ్ళ మొత్తం సంఖ్య, వాటిలో కందిరీగలు వచ్చినవి ఎన్ని, మొక్క దొరికితే దాని పేరు, ఎండిన కొమ్మ నమూనా — ఇవన్నీ ఉండాలి. గుర్తింపు కోసం బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరోను గాని, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాను గాని సంప్రదించవచ్చు. విదేశీ పరిశోధకులకు నమూనాలు పంపే ముందు 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద కావలసిన అనుమతులను తెలుసుకోవాలి.

ఒక్క కందిరీగా రాని గూళ్ళ వివరాలను కూడా అదే పుస్తకంలో, అదే శ్రద్ధతో రాయాలి. ఏ చీమ, ఎన్ని పట్టుగూళ్ళు, ఏ నెల అన్న అంకెలు లేకుండా, దొరికిన కొద్ది కందిరీగలను బట్టి ఒక ప్రాంతంలో ఎంత శాతం గూళ్ళు పరాన్నజీవి బారిన పడ్డాయో లెక్కించడం ఎవరికీ సాధ్యం కాదు.